గుగ్గిలం పెట్టిన టాంకీ

ఘనపూర్ అడవి,
1948 మార్చి 9.

మణెమ్మకు,

నువ్వు క్షేమమని తలుస్తాను. ఇక్కడి క్షేమం సగమే రాయగలను. ఉత్తరం తెచ్చిన పెంటమ్మకు అన్నం పెట్టి, నువ్వు మొదటి రైలుకే జనగామ నుంచి హైదరాబాదు వెళ్లు. పెద్ద దవాఖానలో నీ తమ్ముడు మొగిలి ఉన్నాడేమో చూడు. సాంసన్ అని అడుగు, జైపాల్ దొర జీతగాడు, వేటలో తూటా తగిలిందని చెప్పు. పోలీసుల భయానికి అలా రాయించమని దొరకు చెప్పాం. జీతగాడు అన్నందుకు నాకూ కడుపు మండుతోంది.

తమ్ముడి పుండు మానిందా అని అడిగావు. మానలేదు. మానుకోట దగ్గర తగిలిన పోలీసు తూటా లోపలే ఉంది. కాలు మోకాలి దాకా నల్లబడింది. నా దగ్గు గురించి అడిగావు. దానికేం, నోరు బాగానే పనిచేస్తోంది.

శుక్రవారం పొద్దున రేగొండ పక్క బీడులో జైపాల్ దొర తానే నడుపుతూ సొంత విమానం దింపాడు. పెట్రోల్ కారిపోతోందట. సంఘం వాళ్లం చుట్టుముట్టాం. మొగిలిని మంచం మీద మోసుకొచ్చి, వీణ్ని హైదరాబాదు చేరిస్తే వదులుతామన్నాం.

"కారుడు ఆగితె తీస్కపోత. ఎక్కడ కారుతున్నదో దొరుకుతలేదు" అన్నాడు దొర.

మన ఉప్పలయ్య మహదేవపూర్ పడవ మనిషి, పడవల పగుళ్లకు గుగ్గిలం పూసేవాడు. రెక్క కింది టాంకీ మీద పొడి బూడిద చల్లాడు. అతుకు దగ్గర వెంట్రుకంత గీత తడిసి నల్లగా తేలింది. ఎంత పొంగిపోయానో! ఏ బడికి వెళ్లాడు ఉప్పలయ్య?

జైపాల్ సంచిలోంచి సబ్బు తీశాడు. "గిది పిసికి నింపితె చాలు. పెట్రోల్‌ల కరుగది."

"నీ సబ్బు నీ తానానికి దాచుకో దొరా! గోదారినే ఆపే గుగ్గిలం ఉన్నది మా తాన" అన్నాను.

"గోదారి నీళ్లు వేరే, పెట్రోల్ వేరే పంతులూ!"

ఉత్తరం ఇక్కడే ఆపేద్దామనుకున్నాను మణెమ్మా. చేయి ఒప్పుకోలేదు. ఉప్పలయ్య నన్ను పక్కకు లాగి, "అన్నా, నాకు నీళ్ల సంగతే ఎరుక. దొర మాట జర ఇను" అన్నాడు.

"నీ విద్య విలువ నీకే తెల్వది, ఊకో" అని కసిరాను. శ్రామికుడి తరఫున వాదిస్తూ శ్రామికుడి నోరే మూయించాను.

కాచి చల్లార్చిన గుగ్గిలం దట్టించాం. తడిమితే పొడిగా ఉంది. మొగిలిని ఎక్కించాక విమానం లేచింది, చప్పట్లు కొట్టాం. పావుగంటకే తిరిగొచ్చింది. గుగ్గిలం గంజిలా కరిగి, పెట్రోల్ దాదాపు అంతా కారిపోయింది. మొగిలి అంత జ్వరంలోనూ నవ్వాడు.

"వాదం గెలిచినవా బావా?"

భూపాలపల్లి కలప లారీల వాళ్లనడిగి పెట్రోల్ బండి మీద తెచ్చేసరికి మర్నాటి మధ్యాహ్నమైంది. అప్పుడు సబ్బు పెట్టాం. చుక్క కారలేదు. కానీ ఆ ఒక్క రోజులో నలుపు తొడ మీదికి పాకింది. వాళ్లు వెళ్లి మూడు రోజులు. కబురు లేదు.

ఈ మూడు రోజులూ నిజామును, దొరలను, పల్లెకో దవాఖాన కట్టని ఈ సర్కారును తిడుతూనే ఉన్నాను. ఆ తిట్లలో ఒక్కటీ అబద్ధం కాదు. గుగ్గిలం మాత్రం నేను పెట్టించిందే.

వెళ్లు. కాలు తీసేయాలంటే ఒప్పుకో. 'బావనడగాలె' అంటాడు వాడు, వినకు. వాడు ఇక లేకపోతే మాత్రం ఉత్తరం రాయకు. వచ్చి నా ముఖం మీదే అను. ఈసారి ఎదురు చెప్పను.

ఇట్లు,
నీ పెనిమిటి,
రాంజీ