పటంలో మన ఊరి తెలుపు

చిరంజీవి తమ్ముడు శ్రీశైలానికి,

అక్క దీవెనలు. నేను బాగున్నాను. మీరంతా కులాసా అని తలుస్తానని రాయాలి గానీ, నాయిన అలా మంచం మీద ఉంటే ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. అన్నం సరిగ్గా తింటున్నాడా? అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? అవ్వ ఇంకా నన్ను అడుగుతోందా? ఫోన్ ఉండగా ఉత్తరమేందని నవ్వకు. ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనివ్వడం లేదు. పైగా దీనితో పాటు పంపుతున్నది ఫోన్లో పంపే వస్తువు కాదు.

ఇక్కడ ఫిన్లాండులో చలికాలం అయిపోయింది. మా వీధి చివర చెరువు మీద మంచు ఈసారి త్వరగా కరిగింది. మన శామీర్‌పేట చెరువంత లేదు గానీ నీళ్ళు చూస్తే ఇల్లు గుర్తొస్తుంది. ఎండ రాగానే జనం గట్టు మీద చొక్కాలు విప్పి పడుకున్నారు, చేతుల్లో ఐస్‌క్రీములు. ఈ ఊరు మా ఆఫీసు నెలనెలా వేసే వేడి పటంలో ముదురు ఎరుపు. మన ఊరు తెలుపు. ఎరుపులో ఉన్నవాళ్ళు ఐస్‌క్రీం తింటున్నారు, తెలుపులో ఉన్న నాయిన వడదెబ్బ తగిలి పాలకూర మడిలో పడిపోయాడు. ఆఫీసులో కూర్చుని ఆ రెండు రంగులూ చూస్తుంటే నాకు ఒళ్ళు మండుతోంది.

తిండికేం లోటు లేదు. నల్ల రొట్టె, ఉప్పు చేప. జొన్నరొట్టె చేద్దామంటే పిండి దొరకదు. మాట్లాడే మనిషి లేక ఆదివారాలు టీవీకి జవాబులు చెబుతున్నాను. ఇది నవ్వుకోవడానికి రాస్తున్నాను, అమ్మకు చదివి వినిపించకు.

ఇక అసలు మాట. నాయిన పడిపోయిన సంగతి నాలుగు రోజులు దాచి, అడిగితే నువ్వన్న మాట నాకింకా మింగుడు పడలేదు. "నువ్వే గదక్కా తెల్లగున్నదని పంపింది. నాయిన నీ మాట మీదనే ఎండల చేనుకు పోయిండు" అన్నావు. పైగా, "ఆడ సల్లగ కూసోని మస్తు చెప్తవ్" అని కూడా అన్నావు. నువ్వు పనిచేసే మేడ్చల్ గోదాములో నీ నెత్తి మీదా ఫ్యాను తిరుగుతుంది కదా తమ్ముడూ. ఎండలో నిలబడేది మన ఇద్దరిలో ఎవరూ కాదు.

నేను నెలనెలా ఆ పటం పంపింది గొప్పకే, ఒప్పుకుంటాను. ప్రపంచమంతా ఏ చోట ఎంత వేడి, ఎంత వాన, మామూలుకంటే ఎంత తేడా అని లెక్కగట్టే పని మన ఇంటి పిల్ల చేస్తోందని నాయినకు సంబరం. నువ్వు వేళ్ళతో పెద్దది చేసి చూపిస్తే, "మనూరు ఏ రంగుల ఉన్నదిరా?" అని అడిగేవాడట. ఇంట్లో అదొక ఆచారమైంది. తెలుపని నువ్వు చెబితే, "అయితే ఫికర్ లేదు" అని తువ్వాల దులిపి లేచేవాడట. ఆ రోజు కూడా అమ్మ చేను దాకా పోయి, "జర నీడకు కూసో" అని మొత్తుకుందట. నీడ ఎక్కడిది? ప్లాట్ల వెంచర్ రోడ్డు కోసం చింతచెట్టు కొట్టేశాక ఆ ప్లాట్ల ప్రహరీల మధ్య మిగిలింది మన కౌలు మడులే. "మన బిడ్డ పటంల తెల్లగనే ఉన్నది, ఎండ మామూలే. జల్దీ కోస్తె ఆటో అందుకుంట" అన్నాడట. మూడింటికి కూరగాయల ఆటో వస్తుందని మిట్టమధ్యాహ్నం ఆకుకూర కోసే మనిషికి, పెళ్ళాం మాటకంటే నా రంగు ఎక్కువైంది. ఆసుపత్రిలో అమ్మను గుర్తుపట్టలేదట. ఆ మాట విన్నప్పుడు నేను ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

ఆ తెలుపంటే ఏమిటో నువ్వొక్కసారైనా అడిగావా? గడిచిన ముప్ఫై ఏళ్ళలో ఆ నెలలో ఆ చోట ఉన్న వేడికి సగటు తీస్తారు. ఈసారి అంతకంటే ఎక్కువైతే ఎరుపు, తక్కువైతే నీలం, అంతే ఉంటే తెలుపు. తెలుపంటే చల్లదనం కాదురా. మన దగ్గర ఏప్రిల్ కొలిమి. కొలిమి కొలిమిలాగే ఉంటే మా పటంలో దానికి రంగు లేదు. పైగా నేను పంపేది అయిపోయిన నెల లెక్క. రేపటి ఎండ గురించి అది ఒక్క మాటా చెప్పదు.

ఇంకో సంగతి చెబితే నీకూ కడుపు మండుతుంది. ఆ సగటు కూడా ఒకచోట ఉండదు. పదేళ్ళకోసారి పాత పదేళ్ళు తీసేసి కొత్త పదేళ్ళు కలుపుతారు. నేను ఇక్కడ చేరిన కొత్తలో పటంలో మన ఊరున్న గడి లేత ఎరుపుగా ఉండేది. కొత్త సగటు పెట్టగానే తెల్లబడింది. ఊరేమీ చల్లబడలేదు. ఆ ఎండే మామూలని రాసుకున్నారు, అంతే. వాన పటం కూడా అంతే. పోయిన వానాకాలం మనకు మామూలు వానే అని చూపించింది. నెల వానంతా రెండు పూటల్లో పడి కొత్తిమీర కొట్టుకుపోయిందని పటానికి ఎవరు చెప్పాలి?

నేను మా ఆఫీసు పెద్దామెను అడిగాను. పటం కింద ఒక్క వాక్యం రాద్దాం, తెలుపంటే వేడి లేదని కాదు అని. ఆమె కాఫీ ఇచ్చి, నాయిన గురించి అడిగి, చాలా బాధపడింది. తర్వాత, "మనం చెప్పేది మామూలుకు ఎంత తేడా అన్నదే. ఎంత వేడో చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు" అంది. ఆమె మాట తప్పు కాదు. తప్పయితే పోట్లాడి ఉండేదాన్ని.

మొన్న నాయిన ఫోన్లో మాట పంపాడు. మాట కొంచెం తడబడుతోంది. "బిడ్డా, నేను మంచిగనే ఉన్న. పరేషాన్ గాకు. మీ అమ్మ, తమ్ముడు ఇంట్ల కూసోమని గాయి గాయి జేస్తాన్రు. రోహిణి కార్తెల ఒక్క కోత కోసేదున్నది, కోసొస్త. నీ పటంల మనూరు ఎర్రగైతే జెప్పు, గప్పుడు నేనే ఇంట్ల కూసుంట" అన్నాడు. ఎన్నిసార్లు విన్నానో. రోహిణి వస్తోంది. ఈసారి పడితే లేవడని డాక్టరు నీతో చెప్పాడు, నువ్వు నాతో చెప్పావు. నీ మాట వినడు, అమ్మ మాట వినడు, తెలుపంటే ఇదీ అని నేను గంట సేపు చెప్పినా "గట్లనా బిడ్డా" అని మళ్ళీ రంగే అడిగాడు. ఆ రంగు ఎప్పటికి వస్తుందో నాకు తెలియదు. వచ్చేదాకా నాయిన ఉండాలి కదా.

అందుకే ఈ ఉత్తరంలో మడిచి పెట్టిన కాగితం చూడు. మన వైపు పటాన్ని పెద్దదిగా ప్రింటు తీశాను. మన ఊరున్న గడిని ఎర్ర స్కెచ్ పెన్నుతో నింపాను. ఒక్క గడే ఎర్రగుంటే నాయినకు అనుమానం వస్తుందని పక్క గడులు కూడా నింపాను, ఇటు గండిమైసమ్మ దాటి, అటు నాగారం దాటి. ఇన్నేళ్ళ కొలువులో నేను చేసిన దొంగ పటం ఇదొక్కటే. చేస్తుంటే చెయ్యి వణకలేదు. నిజం పటాలు పంపినప్పుడు వణికి ఉండాల్సింది.

దాన్ని నీళ్ళ కుండ పైన గోడకు అతికించు. అక్క కొరియర్లో పంపిందని చెప్పు. మృగశిర దాకా తీయకు. ఆ నాడు చేపల కూర వండుకుని తినండి, నా వాటా అవ్వకు పెట్టండి. ఆ ఒక్క కోతా సెలవు పెట్టి పొద్దున్నే నువ్వు కొయ్యి. ఎవరైనా ఇటు వస్తుంటే మామిడికాయ తొక్కు పంపండి. నా మీద కోపముంటే ఉంచుకో, నాకూ నీ మీద పోలేదు.

నాయినకు, అమ్మకు, అవ్వకు నా శనార్థులు. వాళ్ళ దీవెన నాకు కావాలి, అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ అక్క స్వరూప

మరిచాను. దారిలో తడిసి రంగు వెలిసిపోతే, నాయిన చూడకముందే నువ్వు మళ్ళీ దిద్దు.