తెల్ల వైరు

ప్రియమైన తమ్ముడికి,

ఆదివారం నేనెందుకు రాలేదో ఈపాటికి నీకు తెలిసే ఉంటుంది. బస్సు కొండ మొదట్లోనే ఆగిపోయింది. వానకు ఏడో మలుపు దగ్గర రోడ్డు సగం లోయలోకి జారిపోయింది. మిగిలిన సగం మీద నడిచేవాళ్లనూ రెండు చక్రాల బండ్లనూ మాత్రమే వదులుతున్నారు. బాగుచేయడానికి మూడు నెలలు పడుతుందని కాపలా మనిషి చెప్పాడు. రోడ్డుతో పాటు మీ ఆసుపత్రి ఫోను తీగలూ పోయాయట. ఇక మనకు టపా మోసే అతనొక్కడే దిక్కు. నీ ఉతికిన చొక్కాలు నాలుగూ అతని చేతికిచ్చాను. అందాయో లేదో రాయి.

పైకి పదకొండు కిలోమీటర్లు. నా మోకాళ్లు మూడో మలుపు కూడా దాటవు. ఇంటికొచ్చి మెట్ల కింద గది తలుపు తీశాను. నువ్వు ఆసుపత్రికి వెళ్లేముందు టార్పాలిన్ కప్పి ఉంచిన స్కూటర్ అలాగే ఉంది. వెనక చక్రంలో మోటారు బిగించావు, నల్ల పెట్టె బిగించావు. బ్యాటరీ లేదు, బ్రేకులు లేవు, సీటు లేదు. బ్యాటరీ కట్టే సెల్స్ మాత్రం అట్టపెట్టెలో లెక్కకు ఇరవై ఉన్నాయి.

దీన్ని నేను పూర్తి చేసి, నడుపుకుంటూ నీ దగ్గరికి వస్తాను. ఈ మాట అంటే మీ బావ పేపరు దించి, "మిక్సీ ప్లగ్గు పెట్టడానికి నన్ను పిలిచే మనిషివి నువ్వు" అన్నారు. "పిలిస్తే ఎప్పుడైనా లేచారా, నేనే పెట్టుకున్నాను కదా" అన్నాను. మళ్లీ పేపరు ఎత్తారు.

ఏం చేయాలో వరుసగా అంకెలు వేసి రాయి. ఒకటి పూర్తయ్యాకే రెండు మొదలుపెడతాను. నా సంగతి నీకు తెలుసు.

నీ అక్క


ప్రియమైన లెక్కల అక్కయ్యకు,

అక్షరాలు వంకరగా ఉన్నాయని నవ్వకు. నాలుగు రోజులు పట్టింది ఇది రాయడానికి. చొక్కాలు అందాయి.

ముప్పై ఏళ్లు మోటార్లకు తీగ చుట్టాను. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, ఉత్తరాల మీద నేర్పడం ఇదే మొదలు. విడి కాగితం మీద పదకొండు అంశాలు రాశాను. సెల్స్ ముట్టుకునే ముందు గాజులు, ఉంగరం తీసి పక్కన పెట్టు. స్పానర్‌కు కొన తప్ప మిగతాదంతా నల్ల టేపు చుట్టు. పొరపాటున అది రెండు రాగి పట్టీల మీద అడ్డంగా పడిందంటే నిప్పులు కురుస్తాయి.

నల్ల పెట్టె బండికి మెదడు. తడి చొరకుండా అంచులు మైనంతో మూశాను, దాన్ని తెరవకు. దాని పక్క నుంచి ఒక తెల్ల వైరు బయటికి వచ్చి, చిన్న మడతలా వంగి మళ్లీ లోపలికి వెళ్తుంది చూడు. అది ఉన్నంతసేపు మోటారు సగం బలమే ఇస్తుంది. నేర్చుకోవడానికి అంత చాలు. ఆ సగం బలంతో కొండ ఎక్కితే మాత్రం మోటారు కాలిపోతుంది. కాబట్టి తెల్ల వైరు కత్తిరించడమే పదకొండో అంశం. అది నేను చెప్పినప్పుడే.

ఇంకో మాట. ఎవరి బండి వెనకో కూర్చుని రావద్దు. చిన్నప్పుడు నా సైకిలు వెనక కూర్చున్నావు, చూపు తగ్గి బండి అమ్మేసేదాకా బావ వెనక కూర్చున్నావు. ఈసారి ముందు కూర్చుని రా. నాకది చూడాలని ఉంది.

నీ తమ్ముడు


ప్రియమైన తమ్ముడికి,

ఆరో అంశం దాకా వచ్చాను.

సెల్స్‌కు ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు అతికించి, మీటరు పెట్టి చూశాను. పాలవాడి లెక్క రాసే పుస్తకంలోనే వెనక నుంచి రాస్తున్నాను. అన్నీ మూడు పాయింట్ రెండు తొమ్మిది వోల్టుల దగ్గర ఉంటే తొమ్మిదోది ఒక్కటీ మూడు పాయింట్ ఒకటి ఒకటి. నువ్వు రాసినట్టే దాన్ని విడిగా ఛార్జి చేసి మిగతావాటితో సమానం చేశాను. రెండు రోజులు పట్టింది. "పందొమ్మిది బాగున్నాయిగా, ఒక్కదానికోసం ఇంత తాపత్రయమా" అన్నారు మీ బావ. ఆ ఒక్కటి అలసిపోతే అన్నీ ఆగిపోతాయని నువ్వు రాసింది చదివి వినిపించాను.

ఆ తర్వాత బ్యాటరీ కట్టి, బ్రేకులు బిగించి, సీటుకు బదులు దిండు కట్టి, నువ్వు చెప్పినట్టు వేగం పెంచే పిడి మీద పావు తిప్పుడు దగ్గర, దాటకూడదన్న గుర్తుగా ఎర్ర దారం కట్టి, మూసేసిన గోదాము ఆవరణలో మొదటిసారి ఎక్కాను. అసలు చప్పుడే లేదు. బండి బతికి ఉందో లేదో తెలియలేదు. చూద్దామని పిడి కాస్త తిప్పాను. అది ఒక్కసారి ఉరికింది. భయమేసి పిడిని గట్టిగా పట్టుకున్నాను, దాంతో ఇంకా తిరిగింది. మీ బావ "బ్రేకు, బ్రేకు" అని అరుస్తున్నారు. ఖాళీ గోనెల గుట్టలోకి దూరి ఆగాను. మోచేయి చెక్కుకుపోయింది, బండికేం కాలేదు. పిడి చూస్తే దారం దాటి మొత్తం తిరిగి ఉంది.

సగం బలమే ఇలా ఉంటే మొత్తం బలం ఎలా ఉంటుందో అని ఇంకా దడగానే ఉంది. పిడిని పట్టుకోకుండా బండిని ఎలా పట్టుకోవాలో చెప్పు.

నీ అక్క


ప్రియమైన అక్కయ్యకు,

ఇది వార్డు ఆయా చేతిరాత. నా చేతులు సెలవు పెట్టాయి. నా మాట కూడా ముద్దగా వస్తోంది, ఇక్కడ ఈమె ఒక్కతికే అర్థమవుతుంది. కాబట్టి ఫోను తీగలు పోయాయని బాధపడకు.

గోనెల్లో దూరిన భాగం మూడుసార్లు చదివించుకున్నాను. పక్క మంచం తాతగారు కూడా నవ్వారు.

చెప్పేది విను. భయమేస్తే గుప్పిట బిగుస్తుంది, అది ఎవరికైనా సహజం. ఈ బండి మీద దానికి ఎదురు అలవాటు కావాలి. భయమేసినప్పుడు గుప్పిట విప్పు. మోచేతులు వదులుగా, చూపు దూరంగా ఉంచు. పిడిని గుడ్డు పట్టుకున్నట్టు పట్టుకుని, రెండు వేళ్లు ఎప్పుడూ బ్రేకు మీదే ఉంచు. ఆవరణలో యాభై చుట్లు కొట్టు. నేల మీద సుద్దతో గీత గీసి, సరిగ్గా దాని మీద ముందు చక్రం ఆగేదాకా ఆపడం నేర్చుకో. దారం దాటకు.

నువ్వు పంపిన చొక్కాలు ఎందుకో వదులయ్యాయి. ఉతకడంలో సాగదీశావేమో అంటే ఆయా నమ్మడం లేదు.

నీ తమ్ముడు


ప్రియమైన తమ్ముడికి,

యాభై అన్నావు, అరవై రెండు కొట్టాను. సుద్దగీత మీద వరుసగా పదిసార్లు ఆపాను. చివరి మూడింట్లో తేడా జానెడు కూడా లేదు. ఏడు నుంచి పది దాకా అంశాలు పూర్తయ్యాయి. సీటు నేనే కుట్టాను. ఇద్దరం కూర్చునేలా పొడుగ్గా కుట్టాను.

నిన్న మీ బావను వెనక కూర్చోబెట్టుకుని కూరగాయల వీధి దాకా వెళ్లొచ్చాను. దారి పొడుగునా కళ్లు మూసుకునే ఉన్నారు. దిగాక, "ఎలా ఉంది?" అంటే "చీకటిగా ఉంది" అన్నారు. కానీ కనపడిన ప్రతి వాళ్లతోనూ "మా ఆవిడ కట్టింది" అని చెబుతున్నారు. "డిజైను మా తమ్ముడిది" అని నేను పక్కనుంచి సరిచేస్తున్నాను.

నిన్ను చూసి ఏడు వారాలైంది. నీ చేతిరాత చూసి మూడు వారాలు. ఎదురింటి దర్జీ తన బండి మీద కొండ ఎక్కిస్తానన్నాడు. నీకు మాటిచ్చానని వద్దన్నాను. ఇంటికొచ్చి చాలాసేపు ఆ మాట గురించే ఆలోచించాను.

తెల్ల వైరు కత్తిరించనా? ఒక్క అక్షరం రాయిస్తే చాలు.

నీ అక్క


ప్రియమైన అక్కయ్యకు,

ఇప్పుడే వద్దు. ఏడో మలుపు ఇంకా తడిగా ఉందట. నిన్ను కుర్చీలో కూర్చుని చూడాలి గానీ మంచం మీద పడుకుని కాదు. ఇంకొన్నాళ్లలో కాస్త తేరుకుంటాను. అప్పుడు చెబుతాను. తెల్ల వైరు జాగ్రత్త.

నీ తమ్ముడు

అమ్మా, ఈ కింది మాట నాది. ఆయన చెప్పలేదు, చూడలేదు. రాగలిగితే రండి.
ఆయా


ప్రియమైన తమ్ముడికి,

ఆయా రాసిన ఆ ఒక్క వాక్యం మంగళవారం అందింది. బుధవారం పొద్దున కొండ మొదట్లో బండి ఆపి, బట్టలు కత్తిరించే కత్తెరతో తెల్ల వైరు కత్తిరించాను. నువ్వు చెప్పకుండా నేను చేసిన మొదటి పని అది. దారం కూడా విప్పేశాను.

ఎక్కాను తమ్ముడూ. ఏడో మలుపు దగ్గర రోడ్డు నా వంటింటి అంత వెడల్పు ఉంది. ఎడమ పక్క ఏమీ లేదు. భయమేసింది, గుప్పిట విప్పాను. బండి నెమ్మదించింది. చూపు దూరంగా పెట్టి మళ్లీ తిప్పాను. పదకొండు కిలోమీటర్లూ ఎక్కడా కాలు కింద పెట్టలేదు. నీకు ఇదంతా చెప్పాలని దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చాను.

నీ మంచం మీద పరుపు మడిచి ఉంది.

ముందు రోజు మధ్యాహ్నమే వెళ్లిపోయావట. ఆ కబురు రాసిన కాగితం ఇంకా టపా సంచిలోనే ఉంది. వెనక గదిలో నిన్ను చూశాను. ఒంటి మీద నేను పంపిన చొక్కానే ఉంది. కాలరు దగ్గర నా నాలుగు వేళ్లు పట్టాయి. మీ బావను దర్జీ తన బండి మీద తీసుకొచ్చాడు. జరగవలసినవన్నీ జరిగాయి. అవి రాయను.

ఆయా నన్ను వరండాలోకి తీసుకెళ్లి నీ చక్రాల కుర్చీ చూపించింది. రోజూ మధ్యాహ్నం దాన్ని రోడ్డు కనపడేలా తిప్పించుకునేవాడివట.

"రావద్దని రాయించేదీ మీరే, రోడ్డు చూసేదీ మీరేనా బాబూ, అని అడిగేదాన్నమ్మా" అంది.

"ఏమనేవాడు?"

"మా అక్క జాబితా దాటి అడుగు వేయదు, అయినా ఒక్కసారి దాటుతుందేమో చూద్దాం అనేవారు. పోనీ పడుకోండి, బండి వస్తే చప్పుడు వినపడదా, నేను లేపుతాగా అన్నాను ఒకరోజు. అది చప్పుడు చేయని బండి ఆయా, చెవులతో కాపు కాస్తే దొరకదు, కళ్లతోనే కాయాలి అన్నారు."



ఇంటికొచ్చిన మూడో రోజు ఒక అనుమానం తీర్చుకోవాలనిపించింది. వైరు కత్తిరించాక బండి బలం పెరగాలి కదా. పెరిగినట్టు నాకు అనిపించలేదు. నువ్వు తెరవొద్దన్న నల్ల పెట్టె మైనం గీకి తెరిచాను. తెల్ల వైరు రెండు కొసలూ లోపల ఒకదానికొకటి ముడివేసి ఉన్నాయి. ఆ ముడి దేనికీ కలవలేదు. బండి కట్టేటప్పుడు నువ్వు వాడకుండా వదిలేసిన వైరు, ఊరికే రంధ్రంలోంచి బయటికి వచ్చి, ఊరికే లోపలికి వెళ్లింది. నన్ను ఆపింది నువ్వు కట్టించిన ఎర్ర దారమే. గోనెల్లోకి దూరిన రోజు నేను చూసింది మొత్తం బలమే.

నేను తొందరపడి పడిపోతానని మొదట ఆ అబద్ధం చెప్పి ఉంటావు. ఆ తర్వాత నీ చేతులు నాకు కనపడకుండా దాచుకోవడానికి అదే పనికొచ్చింది. నీ మీద కోపంగా ఉంది. నా మీద ఇంకా ఎక్కువ ఉంది. గీత మీద బండి ఆపడం వచ్చాక ఏ రోజైనా నేను రాగలిగేదాన్ని. నువ్వు ఒక వైరుతో వద్దన్నావు, రోజూ కళ్లతో రమ్మన్నావు. వైరు ఒక్కటే నాకు రాసి పంపావు. రాసి ఉన్నదే నేను చేస్తానని నీకు తెలుసు కదరా.

ఈ ఉత్తరం ఏ డబ్బాలో వేయాలో తెలియక సీటు కింద నువ్వు చేసిన అరలో పెడుతున్నాను. సెలవు దొరికిన ఆదివారాల్లో ఆయా పదకొండు కిలోమీటర్లూ నడిచి దిగి ఇంటికి పోతుందట. ఈ ఆదివారం ఆమెను దించడానికి మళ్లీ ఎక్కుతున్నాను. పొడుగు సీటు ఖాళీగా ఉంది.

జాబితాలో పన్నెండో అంశం నేనే రాసుకున్నాను, నిన్న పూర్తి చేశాను. పిడి పక్కన సైకిలు గంట బిగించాను. మలుపు మలుపుకూ మోగిస్తాను. నా కోసం ఇక ఎవరూ కళ్లతో కాపు కాయనక్కర్లేదు.

నీ అక్క