మలుపు దగ్గర రాసిన నంబరు

అన్నయ్యా,

ఫోన్లో అయితే నువ్వు నన్ను పూర్తిగా చెప్పనివ్వవు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

మొన్న ఆదివారం పది కిలోమీటర్ల పరుగులో ధవళేశ్వరం మలుపు దగ్గర కూర్చుని, అక్కడ వెనక్కి తిరిగే వాళ్ళ నంబర్లు పుస్తకంలో రాసింది నేనే. వదిన అక్కడిదాకా రానేలేదు, మూడో కిలోమీటరు దగ్గరే వెనక్కి తిరిగిపోయింది. "ఒక్క నంబరే కదమ్మా, రాసెయ్. మన షాపు పేరుతో పెట్టిన పరుగులో మీ వదిన ఓడిపోతే ఏం బావుంటుంది?" అని నువ్వు ఫోన్ చేశావు. రాశాను. వదిన మొదటి బహుమతి అందుకుంది.

రెండో బహుమతి వచ్చిన దీనమ్మ కడియం నర్సరీలో మొక్కలకు నీళ్ళు పోస్తుంది. ఆమె నా దగ్గరకొచ్చి, "మేడమ్ గారూ, నాకన్నా ముందు ఆడవాళ్ళెవరూ మలుపు తిరగలేదండి. మీరు చూశారు కదండీ?" అని అడిగింది. పుస్తకంలో ఉన్నదే నిజమన్నాను. "అయితే నేనే సరిగ్గా చూడలేదేమోనండి" అని వెళ్ళిపోయింది.

మూడు రోజులు నాకు అన్నం సహించలేదు. నిర్వాహకులకు నిజం చెబితే, "మీ అన్నయ్యగారి పరువు కూడా చూడండి మేడమ్" అని నవ్వారు. మొదట వచ్చినవాళ్ళను పంపే విశాఖ పోటీకి వదిన పేరే పంపారు. ఆ పేరు నువ్వే వెనక్కి తీయించు. నిన్ను ఇంకేమీ అడగను.

నిన్న దీనమ్మ ఇంటికి వెళ్ళి నా తప్పు చెప్పాను. గుమ్మంలో నిలబడే అంతా వింది.

"ఇన్నాళ్ళూ నా కళ్ళనే అనుమానించుకున్నానండి" అంది.

నన్ను తిట్టలేదు. లోపలికి రమ్మని కూడా అనలేదు.

నీ చెల్లెలు