ఎంటర్ గట్టిగా నొక్కాలి

మంగళవారం, రాత్రి

క్యాంపస్‌లో పీహెచ్‌డీ ముగించిన నరేశ్ నాకు అమ్మిన లాప్‌టాప్‌ను రేపు ఫస్టియర్ అమ్మాయి శ్రావణికి ఇవ్వాలి. తన అకౌంట్ తీసేసి వెళ్లమని నరేశ్‌ని తార్నాకలోని మా పాత లాప్‌టాప్‌ల షాపుకు పిలిచాను. యూనివర్సిటీ మెయిల్, పాస్‌వర్డ్ కొట్టాడు. అలాంటి అకౌంటే లేదని స్క్రీన్ మీద వచ్చింది. మళ్లీ కొట్టాడు. అదే మాట.

"గింత జల్దీ తీసేసిండ్రా అన్నా? ఏడేండ్లు గాడనే ఉన్న గదా," అన్నాడు నవ్వబోయి.

నాకు నా మీదే కోపం వచ్చింది. అందులోని ఎంఎస్ ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఆ మెయిల్ మీదే ఉంది; మెయిల్ పోతే అదీ పోయినట్టే. అది చూసుకోకుండా, లాప్‌టాప్‌తో పాటే వస్తుందని శ్రావణికి మాటిచ్చాను. వెంటనే ఫోన్ చేసి తప్పు ఒప్పుకున్నాను.

"ఏం కాదన్నా. నాకు యూనివర్సిటీ మెయిల్ నిన్ననే ఇచ్చిండ్రు. దాంతోని ఫ్రీగా వస్తదంట," అంది సంబరంగా.

స్పీకర్‌లో నరేశ్ కూడా విన్నాడు.

అన్నీ చెరిపేసే ఆఖరి మీట అతన్నే నొక్కమన్నాను. ఒకసారి నొక్కితే పడలేదు.

"ఎంటర్ గట్టిగ నొక్కాలె అన్నా. నా థీసిస్‌కే అరిగింది. ఆమెకు చెప్పు," అని ఇంకోసారి నొక్కి వెళ్లిపోయాడు.

మార్చడానికి కొత్త ఎంటర్ మీట పొద్దున్నే తెచ్చిపెట్టాను. ఇంకా వేయబుద్ధి కాలేదు.