నాలుగింటి కవరు

నవంబర్ 19, 2000

పొద్దున్నే చర్చా వేదిక కార్యదర్శి సుబ్బారావుగారు ఇంటికొచ్చారు. వచ్చే నెల పదిన రామకోటయ్య మాస్టారి రెండో వర్ధంతి సభ. ‘పత్తి రైతులు – పత్రికల బాధ్యత’ మీద గోష్ఠి. ఈసారి నేనూ వేదికెక్కి మాట్లాడాలట.

“మాస్టారి చివరి ప్రసంగం పేపర్లో రాసింది మీరే గదండీ. మీరు లేకపోతే ఎట్లా?”

ఆయన కళ్ళలోకి చూశాను. ఆయన చూడలేదు. టీ తాగి వెళ్ళిపోయారు. అంతా తెలిసిన మనిషి ఎంత మామూలుగా అనేశాడు!

నవంబర్ 21

ఇక్కడైనా ఒకసారి రాసుకోవాలి. రెండేళ్ళ కిందటి ఆ సభలో మాస్టారు మాట్లాడలేదు. అసలు రాలేదు.

సభ ఐదింటికి. పత్రికాఫీసుకి వెళ్ళే మా విలేకరుల వార్తల కవరు విజయవాడ బస్సు డ్రైవరు చేతిలో పెట్టాల్సింది నాలుగింటికి. అందుకని సభ వార్త ముందే రాసేస్తాం — ఆహ్వానపత్రిక ఎదురుగా పెట్టుకుని, ఎవరేమంటారో మనకి తెలియదా అనుకుంటూ. పన్నెండేళ్ళు ఒక్కసారీ దొరకలేదు. ఒళ్ళు పొగరు. ఆ రోజు మాస్టారి నోట ‘రైతుకు కావలసింది జాలి కాదు, జవాబు’ అని పెట్టాను. భలే కుదిరిందనుకున్నాను కూడా.

ఆయన సభకని వస్తూ మా చిలకలూరిపేట బస్టాండులో దిగి, బల్ల మీద కూర్చుని, అక్కడే పోయారు. సభ మొదలవకముందే.

నవంబర్ 22

ఆ సాయంత్రం ఆరింటికి నాకు తెలిసింది. ఎస్టీడీ బూత్ దాకా వెళ్ళాను. ఫోన్ చేస్తే వార్త ఆగేది. చేయలేదు... ‘సభ కాకుండానే ఎట్లా రాశావయ్యా’ అని ఆఫీసువాళ్ళు అడుగుతారని. పిరికితనం. మర్నాడు ఆయన మరణవార్త రాస్తూ ‘సభ ముగించుకుని తిరిగి వెళుతూ’ అన్నాను. మొదటి అబద్ధానికి ఆసరాగా రెండోది.

సుబ్బారావుగారు ఖండించలేదు. ఆయన సభ పేపర్లో పడింది గదా మరి.

నవంబర్ 26

ఎరువుల కొట్టు దగ్గర వెంకటేశ్వర్లు కనిపించాడు. ఆ రోజు హాల్లోకి వచ్చినవాళ్ళు తొమ్మిది మంది, అందులో అతనొకడు. వక్త రాక, ఎవరిళ్ళకి వాళ్ళు పోయారు.

“ఏం మాట్లాడాడయ్యా మాస్టారు! జాలి కాదు, జవాబు అన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించిందనుకో.”

చెప్తూ చెప్తూ కళ్ళు తుడుచుకున్నాడు. కోతలు కోసే మనిషి కాదు. పేపర్లో చదివాడు, విన్నానని నమ్మాడు. ఇట్లా విన్నవాళ్ళు ఇప్పటికి ముగ్గురయ్యారు. నాకే భయం వేస్తోంది... ఈమధ్య ఆ వాక్యం నాకూ ఆయన గొంతుతోనే వినిపిస్తోంది.

నవంబర్ 29

బస్టాండులో ఆ బల్ల వైపు చూడకుండా కవరిచ్చి వచ్చాను.

డిసెంబర్ 3

మాస్టారి భార్య అన్నపూర్ణమ్మగారు కబురు పెడితే వాళ్ళ ఊరు వెళ్ళాను. వసారా నిండా పత్తి. గోడకి ఆయన ఫోటో, పక్కన నా వార్త — ఫ్రేము కట్టించారు. దాని వైపు వీపు పెట్టి కూర్చున్నాను.

“ఆ రోజు గుండెల్లో పట్టేసినట్టుంది, మానేస్తానన్నారు బాబూ. నెల నుంచీ రాసుకుంటున్నారు, ఒప్పుకున్నాక వెళ్ళకపోతే ఏం బాగుంటుందండీ అని నేనే చొక్కా ఇస్త్రీ చేసిచ్చా. నేనే పంపించా...”

మజ్జిగ గ్లాసు చేతికిచ్చారు.

“పోనీలే. అనుకున్నది చెప్పి పోయారు. అదే లేకపోతే నేనీపాటికి ఏ నుయ్యో చూసుకునేదాన్ని.”

నోటిదాకా వచ్చినదాన్ని మజ్జిగతో మింగేశాను.

వచ్చేటప్పుడు ఆయన సంచీలోంచి నాలుగు కాగితాలు తీసిచ్చారు. “ఇవి చూసుకుంటూనే మాట్లాడి ఉంటారు. నాకు శుక్లాలొచ్చి అక్షరం ఆనటం లేదు. పదో తారీకున మీరు చదవండి. ముందు వరసలో కూర్చుని వింటా.”

డిసెంబర్ 4

పెన్సిల్ రాత. ఎంత వెతికినా జాలీ లేదు, జవాబూ లేదు. మొదటి పేజీలో ఇట్లా ఉంది:

‘మా ఊరి నాగయ్య పురుగుమందు తాగి పోయినప్పుడు, విలేకరి మా ఊరు రాకుండానే మేమేమనుకున్నామో రాశాడు. నాగయ్య భార్య అనని మాటలు ఆమె అన్నట్టు వచ్చాయి. ఆమె ఆ మాటలు మోస్తూనే తిరుగుతోంది. ఆ విలేకరి ఈ సభలో ఉంటాడు. అతణ్ణి తిట్టడానికి రాలేదు నేను. ఒక్కసారి మా ఊరు రమ్మని పిలవడానికి వచ్చాను.’

ఆ విలేకరిని నేనే.

ఆయన పిలుపు రెండేళ్ళు ఆ సంచీలోనే ఉండిపోయింది... నిన్న వెళ్ళానే! తెలియకుండా వెళ్ళాను, ఆయన ఇంటికే. సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తోంది.

డిసెంబర్ 6

నా భార్య శారదకి చెప్పాను. రెండేళ్ళకి. బియ్యం ఏరుతున్నదల్లా చేట పక్కన పెట్టింది.

“ఆవిడకి చెప్తే ఆవిడేమైపోతుందండీ?”

మళ్ళీ చేట అందుకుంటూ — “ఇట్లా కుమిలిపోతుంటే మీరూ దక్కేట్టు లేరు.”

డిసెంబర్ 8

హాల్లో బ్యానరు కట్టేశారు. నీలం అక్షరాలు. నా వాక్యం, కింద మాస్టారి పేరు.

సుబ్బారావుగారికి మాస్టారి కాగితాలు చూపించి అన్నాను, నిజం చెప్పేస్తానని.

“తమాషాగా ఉందా మీకు? ఆ ముసలావిడ ఎదురుగానా? ఆ నాగయ్య సంగతి వదిలేసి మిగతాది చదవండి. చివర్లో ఈ బ్యానరు మీది మాట చెప్పి దిగిపోండి. ఎవడడుగుతాడు?”

ఎవరూ అడగరు. రెండేళ్ళ నుంచీ ఎవరూ అడగలేదు.

డిసెంబర్ 10

అన్నపూర్ణమ్మగారు పొద్దున బస్సుకే వచ్చారు. బస్టాండుకి ఎదురెళ్ళాను. ఎవరూ చూపించకుండానే ఆ బల్ల మీదే కూర్చుని ఉన్నారు.

“సభ నుంచి వచ్చి ఇక్కడే కూర్చున్నారు కదూ బాబూ?”

తలూపాను. మళ్ళీ.

భోజనం మా ఇంట్లోనే. శారద నా మొహం వంక చూడకుండా వడ్డించింది.

మూడున్నర. ఆఫీసు నుంచి ఫోన్ — ఇవాళ్టి సభ వార్త నాలుగింటి కవర్లో రావాల్సిందేనట. కాగితాలు తీశాను. చెయ్యి దానంతటదే రాసుకుపోయింది. అధ్యక్షులు అన్నారు. ముఖ్య అతిథి అన్నారు. ఆ తర్వాత నా పేరు. ‘మాట్లాడుతూ’ దగ్గర ఆగిపోయింది.

ఎంతమంది నోట్లో మాటలు పెట్టాను! ఇవాళ నేనేమంటానో నాకు తెలియడం లేదు.

పక్క గదిలోంచి అన్నపూర్ణమ్మగారు — “బాబూ, ఆయన కాగితాలు జేబులో పెట్టుకున్నారా?”

పెట్టుకున్నాను.

నాలుగుకి పది నిమిషాలుంది. ‘మాట్లాడుతూ’ —