దొర దర్వాజతో బల్ల

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మామిడి చెక్కతో నువ్వు చేసిన రాతబల్లను చెదలు తినేశాయి. చుట్టూ టేకు అడవులున్న వరంగల్‌లో మనబోటివాళ్లకు టేకు అందదని నువ్వు నవ్వేవాడివి. నాకు ఒళ్లు మండేది.

మొన్న మన ఊళ్లో దొర గడిని, ఆ పాత భవంతిని, కూలగొట్టి కలప అమ్మారు. ఒక టేకు దర్వాజ బేరమాడాను.

"దొరింటి దర్వాజ సారూ, జర చూసి ఇయ్యుండ్రి" అన్నాడు అమ్మేవాడు.

"అడివికెల్లి దీని మొద్దు మోసింది మా నాయిన. ఎట్టిచాకిరి కింద మోసిండు. మళ్ల పైసలు గూడ మేమే ఇయ్యాల్నా?"

అతను దర్వాజను నా వైపు జరిపాడు. "పొయిల కట్టెల ధరకే కొంచవోండ్రి" అన్నాడు.

నీ బల్ల కొలతలతోనే చేస్తున్నాను. మేకులు పీకిన గుంతల్ని నువ్వైతే రంపపు పొట్టు, జిగురు కలిపి పూడ్చేవాడివి. నేను అలాగే వదిలేశాను. ఈ బల్ల మీద రాసుకునే నీ పిల్లలు ఆ గుంతలేమిటని అడగాలి. అప్పుడు నాయిన పేరు చెబుతాను.