ప్రెసిడెంటు కుర్చీ

1997, మంగళవారం రాత్రి

నేను గెలిచినప్పటి నుంచీ పంచాయతీ ఆఫీసులో ప్రెసిడెంటు కుర్చీ మా ఆయనదే. నేను గోడ పక్క బెంచీ మీద. ఇవాళ తళి యూనియన్ ఆఫీసు నుంచి వచ్చిన ఆఫీసరమ్మ "ప్రెసిడెంటు ఎవరమ్మా?" అనింది.

"నేనే," అన్నాను. ఆయన వైపు తిరిగి, "రోంత లేయండి, ఈడ నేను కూర్చోవాల."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వుతూనే లేచాడు.

సాయంత్రం నన్ను బస్సులో రమ్మని వదిలేసి, ఆ కుర్చీని మోపెడ్‌కు కట్టుకుని ఇంటికి తెచ్చేశాడు. "ఇంక ఈడే కూర్చో ప్రెసిడెంటమ్మా. యాడికీ పోయే పనిలేదు." గొంతు కూడా పెంచలేదు.

వంటింట్లో రాస్తున్నాను. వీధి తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుని, లైటు ఆర్పేసి, ఆయన కూర్చునే ఉన్నాడు.

రేపు పొద్దున ఊళ్లో ఆడవాళ్లందరినీ ఆఫీసుకు రమ్మన్నాను. నేను పోకపోతే, ఒక్కరైనా వచ్చి ఈ తలుపు తడతారా...